రేడియోలో అవధాన సభ

మూడు గంటలు సాగిన అష్టావధానమును ఒక గంటకు కుదించి ప్రసారము చేసినపుడు శ్రోతలు మమ్ము రెండు ప్రశ్నలు అడుగుచుందురు. పద్యములను ముక్కలుముక్కలుగ వినిపించుటకంటె, ఒక్కొక్క పద్యపు నాలుగు పాదములను ఒకచోట కూర్చరాదా యని కొందరు. నడుమనడుమ వచ్చు నిశ్శబ్దములను, సభలోని కలకలమును తీసివేయరాదా యని మరికొందరు. రెండును సమంజసమైన ప్రశ్నలే. సమాధానము చెప్పుటకు ముందు సభలో ధ్వనిముద్రణ మెట్లు జరుగునో కొంత వివరింపవలసి యున్నది.

శ్రోతలను ఆహ్వానించి వారి సమక్షమున కార్యక్రమములను ముద్రించుట ఆకాశవాణికి క్రొత్త కాదు. 1954లో ప్రారంభమైన రేడియో సంగీత సమ్మేళనమును, ఉగాది కవిసమ్మేళనములును ఇట్టివే. అయినను స్టూడియో వేరు, సభ వేరు. స్టూడియో గోడలు ధ్వనిని పీల్చుకొనును; సభాభవనపు గోడలు దానిని తిరుగగొట్టును. సభలో కూర్చున్న మనుష్యునకు రెండు చెవులును రెండు కన్నులును కలవు. ఎవరు పలుకుచున్నారో చూచి, మనస్సు ఆ పలుకునే ఏరుకొని, పంకాల రొదను, వెనుక వరుసలోని గుసగుసలను విడిచివేయును. మైక్రోఫోనునకు ఆ వివేకము లేదు. వక్త దానికి జానెడు దూరమునుండి మూరెడు దూరమునకు జరిగిన, నేరుగ చేరు ధ్వని సుమారు 6 డెసిబెల్లులు తగ్గును. గోడలనుండి మరలి వచ్చు ప్రతిధ్వని మాత్రము అంతగా తగ్గదు. అందుచేతనే కొన్ని ఉపన్యాసములు బావిలోనుండి వచ్చినట్లు వినిపించును.

అవధానమున ఈ చిక్కు ఎనిమిది రెట్లగును. అవధాని చుట్టును ఎనమండుగురు పృచ్ఛకులు కూర్చుందురు. అవధాని కొక మైక్రోఫోను, ఇరువురు పృచ్ఛకుల కొకటి, సభికుల స్పందనకై వేరొకటి అమర్చి, ఎవరి వంతు వచ్చినపుడు వారిది హెచ్చించి, తక్కినవానిని తగ్గింతుము. అప్రస్తుత ప్రసంగము చేయు పృచ్ఛకుడు ఎప్పుడు నోరు విప్పునో ఎవరికిని తెలియదు గనుక ఆయన మైక్రోఫోనును ఎల్లప్పుడును తెరచియే యుంచవలెను.

సభలో కొన్ని అంశములు చెవికి అందును, కొన్ని అందవు. ఘంటాగణనమున అప్పుడప్పుడు మ్రోగు గంటను ఇంటిలోని శ్రోతయు అవధానితోపాటు లెక్కింపగలడు. పుష్పగణనమున అవధాని వీపుపై పడు పువ్వులకు చప్పుడు లేదు. అచట వ్యాఖ్యాత మెల్లగ చెప్పినగాని శ్రోతకు తెలియదు. గట్టిగ చెప్పెనా, ఆ మాట అవధాని చెవిని బడి లెక్క సులభమైపోవును! అందుచేత వ్యాఖ్యాతను వేదికకు దూరముగ వేరొక గదిలో కూర్చుండబెట్టుట మంచిది.

ఇక నిశ్శబ్దముల మాట. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఒక అక్షరమును నిషేధించును. అవధాని దానిని తప్పించి వేరొకటి వేయును. తరువాతి అక్షరమునకు మరల నిషేధము. ఈ రెంటి నడుమనుండు మౌనమే అవధాని పని చేయుచున్న సమయము. దానిని తీసివేసిన, ముందే వ్రాసికొన్న పద్యమును చదువుచున్నట్లు తోచును.

పాదములను ఒకచోట కూర్చుట అంతకంటె కష్టమైన విషయము. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి—ఈ నాలుగింటిలో అవధాని ఒక ఆవృత్తిలో ఒక్కొక్క పాదమే చెప్పును. నాలుగు ఆవృత్తులు ముగిసినగాని పద్యములు పూర్తి కావు. ఒక పాదమునకును మరియొక పాదమునకును నడుమ గంటలు మ్రోగును, అప్రస్తుత ప్రసంగము అడ్డువచ్చును, సభ నవ్వును. వీనినన్నిటిని దాటి వెనుకటి పాదమును మనస్సున నిలుపుకొనుటే అవధానము. నాలుగు పాదములను మేము అతికించి వినిపించితిమేని శ్రోతకు మంచి పద్యము దక్కును, అవధానము దక్కదు.

కావున మేము పాటించు నియమము ఇది: తగ్గింపవచ్చును, తారుమారు చేయరాదు. ఒక ఆవృత్తిని ఆద్యంతము అట్లే యుంచుదుము. చివర అవధాని పద్యములన్నిటిని అప్పగించు ధారణను ఒక్క మాటయు తీయక వినిపింతుము. నడుమ విడిచిన భాగమును విడిచితిమని ప్రకటింతుము. ఒకచోట నవ్విన నవ్వును తెచ్చి వేరొకచోట అతికింపము. ఒకప్పుడు 1200 అడుగుల టేపు సెకనుకు ఏడున్నర అంగుళముల వేగమున 32 నిమిషములు వచ్చెడిది. దానిని బ్లేడుతో ఏటవాలుగ కోసి అతికించుట శ్రమతో కూడిన పని. నేడు కంప్యూటరు తెరపై అది క్షణములో ముగియును. చేయుట సులభమైనకొలది నియమము అవసరమగుచున్నది.

తిరుపతి వేంకట కవులలో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1920లో దివంగతులైరి. మద్రాసులో రేడియో క్లబ్బు ఏర్పడినది 1924లో. ఆ కవుల అవధాన పద్యములు అచ్చులో నిలిచినవి. ఏ పాదమునకు ఎంత తడవు ఆగిరో, సభ ఎచట ఉలికిపడెనో అచ్చు చెప్పజాలదు. నేటి అవధానుల విషయమున ఆ లోటు తీర్చుటకు మనకు సాధనమున్నది. అందుచే ప్రసారమునకు కుదించిన ప్రతితోపాటు, కుదింపని పూర్తి ప్రతిని భద్రపరచుట మా విధి యని తలచుచున్నాము.

సభకు విచ్చేయువారికి ఒక మనవి: పాదపు చివరి అక్షరము పలుకబడినంత వరకు చప్పట్లు ఆపుడు, అది చప్పట్లలో మునిగిన మరల తేలేము. ఇంట వినువారు కాగితము, కలము దగ్గర నుంచుకొని ఆ ఒక్క ఆవృత్తిలోని పాదములను వ్రాసికొని, ధారణ వచ్చినపుడు సరిచూచుకొనవచ్చును. వినబడిన గంటలనుకూడ లెక్కింపుడు. విడిచిన భాగమున ఎన్ని మ్రోగినవో వ్యాఖ్యాత చెప్పును.