జిడ్డు వేరు, నలుపు వేరు

మంచిర్యాల జిల్లాలోని రామకృష్ణాపూర్ వంటి బొగ్గుగనుల ఊళ్ళలో తాతల నాటి పెట్టె తెరిస్తే, అడుగున ఒక హాలీ సిక్కా రూపాయి దొరకడం వింత కాదు. ఈ ప్రాంతం 1948 వరకు నిజాం రాజ్యంలోనిది. హాలీ సిక్కా ఆ తరువాత కూడ మరికొంత కాలం చెల్లి, 1959లో పూర్తిగా ఆగిపోయినది. ఆ రూపాయి బరువు 11.178 గ్రాములు, అందులో వెండి నూటికి 81.8 పాళ్ళు. 1940ల నాటి రూపాయిలలో వెండి సగానికి తగ్గింది.

నాణెము మీద చార్మినారు బొమ్మ ఉంటుంది. దాని నడిమి ద్వారంలో ఒకే ఒక్క అక్షరం: మహబూబ్ అలీఖాన్ కాలపుదైతే 'మీము', ఉస్మాన్ అలీఖాన్ కాలపుదైతే 'ఐను'. నాణెము ఏ ప్రభువు నాటిదో ఆ చిన్న అక్షరం చెబుతుంది. జిడ్డు వచ్చి చేరేది సరిగా ఆ ద్వారంలోనే.

ఈ జిడ్డు ఎక్కడిది? దీపావళినాడు లక్ష్మీపూజలో పెట్టిన రూపాయికి పసుపు, కుంకుమ, నూనె అంటుకొంటాయి. నూనె ఏండ్ల తరబడి గాలిలోని ఆమ్లజనిని పీల్చుకొని, దాని అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకొని బంకగా మారుతుంది. వంటింటి నూనెడబ్బా మూతి చుట్టూ కనిపించే జిగట కూడ ఇదే. కాగితానికి నాణెమును అతికించిన టేపు తన జిగురును వదలిపోతుంది. మెత్తని పి.వి.సి. ప్లాస్టిక్ సంచులలో దాచిన నాణెములది మరొక కథ. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపిన నూనెవంటి పదార్థం మెల్లగా పైకి ఊరుతుంది; ప్లాస్టిక్ శిథిలమయ్యేకొద్దీ హైడ్రోక్లోరిక్ ఆమ్లము వెలువడి, వెండిలో కలిసిన రాగిని తిని, పచ్చని పసరు తేలుస్తుంది.

జిడ్డు చూడగానే చింతపండు, బూడిద పట్టి తోమడం మన ఇండ్లలో అలవాటు. బిందెకు, చెంబుకు అది చెల్లవచ్చు గాని నాణెమునకు చెల్లదు. బూడిదలోని గరుకు రేణువులు జిడ్డుతో పాటు వెండిని కూడ గీకుతాయి. పది పండుగలకు పదిసార్లు తోమితే ద్వారంలోని అక్షరం అరిగిపోతుంది. అరిగినది తిరిగి రాదు.

నలుపు సంగతి వేరు. అది బయటి నుండి అంటిన మురికి కాదు. గాలిలో లేశమాత్రంగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడు వాయువుతో వెండి కలిసి ఏర్పడిన సిల్వర్ సల్ఫైడు అది. అనగా నాణెములోని వెండియే రూపం మార్చుకొన్నదన్న మాట. బొగ్గులో కూడ గంధకం ఉంటుంది. గాలి చాలక పొగలు కక్కుతూ మగ్గే బొగ్గు నుండి ఈ వాయువు కొద్దిగా వెలువడుతుంది. ఆ నలుపును గీకివేస్తే అందులోని వెండి కూడ పోతుంది. కనుక నలుపును ఉండనిచ్చి జిడ్డును మాత్రమే తీయాలి.

ఒకే తీరు పదార్థాలు ఒకదానిలో ఒకటి కరుగుతాయి. ఉప్పు నీటిలో కరుగుతుంది, జిగురు కరగదు. టేపు జిగురును, ప్లాస్టిక్ నూనెను, పసుపు రంగును కరిగించేది ఎసిటోన్. లోహంతో దానికి పని లేదు. ముదిరిన నూనె బంక అందులో పూర్తిగా కరగకపోయినా ఉబ్బి మెత్తబడుతుంది. గోళ్ళరంగు తుడిచే ద్రవంలో రంగులు, సువాసనలు, నూనెలు కలిసి ఉండవచ్చును; అది ఆరిన తరువాత తన జిడ్డును తానే మిగిల్చిపోతుంది. శుద్ధమైన ఎసిటోన్ కావాలి.

దీనితో ప్రమాదము కూడ ఉన్నది. గని కార్మికులకు మీథేను సంగతి తెలుసు. దాని అణుభారం 16, గాలిది సగటున 29. అందుచేత అది గని పైకప్పు కింద చేరుతుంది. ఎసిటోన్ అణుభారం 58. దాని ఆవిరి గాలికి రెట్టింపు బరువు కనుక నేల వెంట పాకి, దూరాన ఉన్న పొయ్యిని కూడ చేరి అంటుకోగలదు. బొగ్గు కుంపటి గాని, అగరువత్తి గాని ఉన్న ఇంట్లో సీసా మూత తీయరాదు. కిటికీలు తెరచిన ప్రయోగశాలలో, మంట ఏదీ లేనప్పుడు, ఉపాధ్యాయుడే ఈ పని చేయాలి. విద్యార్థులు చూస్తే చాలు.

నాణెమును అంచులు పట్టి గాజుగిన్నెలో ఉంచి, అది మునిగేటంత ఎసిటోన్ పోసి మూత పెట్టవలెను. ప్లాస్టిక్ గిన్నె పనికిరాదు. కొన్ని ప్లాస్టిక్‌లు అందులో కరిగిపోతాయి. అరగంటకు ద్రవం పసుపుపచ్చగా మారితే పారబోసి కొత్తది పోయాలి. రంగు దిగడం ఆగే వరకు ఇలాగే. మొండిగా మిగిలిన దానిపై తడిసిన దూదిని దొర్లించాలే గాని రుద్దరాదు. తరువాత గోరువెచ్చని నీటిలో ఒక చుక్క సబ్బు వేసి ముంచి, స్వేదనజలంతో కడిగి, మెత్తని గుడ్డపై ఒత్తి ఆరబెట్టాలి. వాడిన ఎసిటోన్‌ను తూములో పోయక మూతగల గాజుసీసాలో విడిగా ఉంచాలి.

సున్నితమైన త్రాసు ఉన్న పాఠశాలలో మరొక పని చేయవచ్చు. విలువ లేని రెండు పాత వెండి ముక్కలను, జిడ్డు తీసి ఆరబెట్టిన తరువాత, తూచాలి. ఒకదానిని ఎసిటోన్‌లో నానబెట్టి, రెండవదానిని బూడిదతో పదిసార్లు తోమి, మళ్ళీ తూచాలి. ఏది తగ్గినదో పిల్లలే చెబుతారు.

గోదావరికి ఆవలి ఒడ్డున పెద్దబొంకూరు, కోటిలింగాల తవ్వకాలలో శాతవాహనుల నాణెములు బయటపడ్డాయి. అటువంటిది మట్టిలో దొరికితే కడగనే కూడదు. అంటిన మట్టి కూడ పురావస్తు పరిశోధకులకు సాక్ష్యమే. 1878 నాటి చట్టం ప్రకారం ఆ సంగతి కలెక్టరుకు తెలియజేయాలి.

శుభ్రపరచిన రూపాయిని పొడి కాగితంలో చుట్టి ఉంచవచ్చు. రబ్బరు బ్యాండు వేయరాదు. రబ్బరును గట్టిపరచడానికి గంధకం వాడతారు. ఆ చుట్టు మేరకు చార్మినారు మీద నల్లని గీత పడుతుంది.