పెద్ద ఇంగ్లిష్ మాటలు: అపోహలు – వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో జీఆర్‌ఈకి చదివే పిల్లల చేతుల్లో స్పైరల్ బైండింగ్ చేయించిన పదాల జాబితా కనిపిస్తుంది. ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు ఒక్కటంటే ఒక్కటే అర్థం. దానిమీద పెట్టుకున్న నమ్మకాలు కొన్ని వాళ్ల కష్టాన్ని వృథా చేస్తున్నాయి.

అపోహ: మూడు వేల మాటలు బట్టీ పడితే స్కోరు ఖాయం.

వాస్తవం: ఒకప్పుడు ఇందులో కొంత నిజముండేది. వ్యతిరేకపదాలు, పదాల జంటల ప్రశ్నలు వచ్చేవి. 2011 ఆగస్టులో ఆ రెండూ తీసేశారు. ఇప్పుడొక వాక్యంలో ఖాళీ వదిలి, ఆరు మాటలిచ్చి, రెండు ఎంచుకోమంటారు. రెండింటిలో ఏది పెట్టినా భావం ఒకటే రావాలి. ఆ ఆరింటిలో వాక్యానికి అతకని సమానార్థక జంట కూడా ఉండొచ్చు. జాబితా తప్ప వాక్యాలు చదవనివాళ్లు సరిగ్గా దాన్నే పట్టుకుంటారు. ఒక్కటి తప్పినా మార్కు రాదు.

అపోహ: అర్థం ఒకటే అయితే ఏ మాట వాడినా ఫర్వాలేదు.

వాస్తవం: గుంటూరువాళ్లు ఈ మాట అనకూడదు. 1832-33లో డొక్కల కరువు ఈ సీమను ఊడ్చేసింది. కొన్నిచోట్ల జనంలో మూడోవంతుకు పైగా పోయారని అంచనా. సర్కారు కాగితాల్లో మాత్రం ‘డర్త్’, ‘స్కేర్సిటీ’ అనేవే చెల్లుబాటు. గింజలు కొరతగా ఉన్నాయి, ధరలు మండుతున్నాయి అన్నంతవరకే ఆ మాటలు పోతాయి. అప్పుడు కుంపినీ కొలువులో ఉన్న సి.పి. బ్రౌన్ వాటిని కాదని ‘ఫ్యామిన్’ అనే రాశాడు. ఆకలిచావులను దాచనివ్వని మాట అది. 1852లో తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చింది ఆయనే. జాబితాలో ఈ మూడింటికీ ఎదురుగా ‘కరువు’ అని రాసి ఊరుకుంటే, బ్రౌన్ పట్టుబట్టిన తేడా మన పిల్లలకు ఎప్పటికీ తెలియదు.

అపోహ: తెలుగు మీడియం వాళ్లకు ఈ మాటలు ఎక్కవు.

వాస్తవం: సుభిక్షం, దుర్భిక్షం తెలిసినవాళ్లకు బెనెవొలెంట్, మలెవొలెంట్ పట్టుబడటం ఎంతసేపు? లాటిన్ ‘బెనె’, ‘మలె’ చేసేది మన ‘సు’, ‘దుర్’ చేసే పనే. అయితే విడగొట్టి ఊహించడం అన్నిచోట్లా సాగదు. ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే ఇట్టే అంటుకునేది. అంటుకోనిదనుకుంటే జిన్నింగు మిల్లులో కొంప మునుగుతుంది.

అపోహ: పరీక్షకు ముందు రాత్రింబవళ్లు చదివితే నిలుస్తాయి.

వాస్తవం: ఎడం ఇచ్చి చదివితేనే నిలుస్తాయని 1885లోనే జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ చూపాడు. ఇంగ్లిష్ పేపర్లో మాట దొరికిన వాక్యాన్ని నోట్సులో ఎక్కించి, ఆ మాట చోటు ఖాళీగా వదిలి, మర్నాడొకసారి, వారం పోయాక ఒకసారి, నెలకు ఒకసారి పూరించమనండి.