కార్డులేని రైతు, కంతుల బేరము

పూతలపట్టు మొదలు చిత్తూరు, తిరుపతి వరకు ఏ పెద్ద అంగడికి వెళ్లినను, సరకు ధర యడిగినవానికి ముందుగా వినవచ్చునది మొత్తము ధర కాదు. నెలకెంత కట్టవలెనను సంఖ్య. సెల్‌ఫోను, ఫ్రిజ్, కుట్టుమిషను, చాఫ్ కట్టరు, పాలు పితుకు యంత్రము, అన్నియు నేడు కంతులమీద దొరకుచున్నవి. క్రెడిట్ కార్డు లేదని వెనుదీయువానిని గూడ అంగడివారు విడువరు. ఆధారు, పాను, బ్యాంకు పుస్తకము ఉన్న చాలునందురు. ఈ సౌకర్యము చెడ్డదని చెప్పుట నా యుద్దేశము కాదు. రొక్కము చేతలేని దినమున చాఫ్ కట్టరు ఇంటికి వచ్చినచో మేత వృథా కాదు, ఇంటి ఆడువారికి రెక్కలకష్టము తగ్గును. కాని కంతు చిన్నదైనంతమాత్రమున బేరము చౌక కాదు. దానిలోని నిజమైన వడ్డీ యెంతయో కనుగొను లెక్క సులభమైనది. బడికి పోవు పిల్లవాడు చేయగలడు. ఆ లెక్కనే యిచ్చట వివరించుచున్నాను.

మొదట అప్పిచ్చువాడెవడో తెలిసికొనవలెను. అంగడివాడు సాధారణముగా అప్పీయడు. అంగడిలోనే బల్ల వేసికొని కూర్చుండు ఫైనాన్సు కంపెనీ మనుష్యుడు మన కాగితములు చూచి, కంపెనీచేత అంగడివానికి సొమ్ము ఇప్పించును. ఆనాటినుండి మనము అంగడికి కాక కంపెనీకి ఋణస్థులము. బజాజ్ ఫైనాన్స్ వారి ఈఎంఐ కార్డు ఇట్టి యేర్పాటునకు సంబంధించినదే. పేరునకు కార్డైనను క్రెడిట్ కార్డు కాదు, ఆ కంపెనీతో ఒప్పందముగల అంగళ్లలోనే చెల్లును. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటివారి యొద్ద సెల్‌ఫోనులోనే కొనువారికి ‘పే లేటర్’ అను మరియొక పద్ధతి కలదు. అచ్చటను వెనుకనున్నది బ్యాంకో, ఫైనాన్సు కంపెనీయో అయి యుండును. మన కిసాన్ క్రెడిట్ కార్డు మాటయేమని కొందరడుగుదురు. దాని పేరులో క్రెడిట్ అను మాట యున్నను అది పంటయప్పు ఖాతా. ఆ పథకమున మొదటి సంవత్సరపు పరిమితి లెక్కగట్టునప్పుడు, పంటకోత తరువాతి ఖర్చులకును ఇంటి ఖర్చులకును పంటవ్యయములో నూటికి పదివంతులు చేర్చుట కలదు. అంతేగాని అది అంగడిలోని కంతుల పథకమునకు పనికివచ్చు కార్డు కాదు.

ఇక లెక్క. మనము వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకొందుము. రూపాయి వడ్డీ యన్న ఏటికి నూటికి పండ్రెండు. రెండు రూపాయల వడ్డీ యన్న ఇరువదినాలుగు. ఇది మంచి కొలత, దీనిని విడువరాదు. ఉదాహరణమునకు 24,000 రూపాయల యంత్రము నొకదానిని పండ్రెండు కంతులకు తీసికొన్నామనుకొందము. “రూపాయి వడ్డీయే” అని చెప్పి, 24,000 మీద ఏడాదికి 2,880 రూపాయలు వడ్డీ గట్టి, మొత్తము 26,880ని పండ్రెండుచేత భాగించి నెలకు 2,240 చొప్పున వ్రాసిరి. వినుటకు న్యాయముగనే యున్నది. మోసమెచ్చటననగా, మనయొద్ద 24,000 అప్పు ఏడాది పొడుగునను నిలిచియుండలేదు. ప్రతి కంతుతో అసలులో 2,000 తీరిపోవుచున్నది. మొదటి నెల 24,000, రెండవ నెల 22,000, మూడవ నెల 20,000, ఇట్లు తగ్గుచు చివరి నెలకు 2,000 మాత్రమే మిగులును. ఈ పండ్రెండు సంఖ్యలను కూడిన 1,56,000. పండ్రెండుచేత భాగించిన 13,000. అనగా మనము సరాసరిన వాడుకొన్న అప్పు 13,000 మాత్రమే. దానిమీద 2,880 వడ్డీ యన్న నూటికి ఏటా సుమారు ఇరువదిరెండు. రూపాయి వడ్డీ యని చెప్పినది దాదాపు రెండు రూపాయల వడ్డీ అయినది! నిజముగా రూపాయి వడ్డీయే అయినచో ఏడాదికి సుమారు 1,560 రూపాయలతో తీరవలసినది.

“వడ్డీ లేని కంతు” అని బోర్డు కట్టిన బేరము ఇంకను సూక్ష్మమైనది. అట్టి బేరములలో వడ్డీ లేకపోలేదు. అది మరియొక చోట దాగియుండును. కొన్నిట యంత్రము చేసిన కంపెనీ తన లాభములోనుండి ఫైనాన్సు కంపెనీకి కొంత ఇచ్చును. కొన్నిట రొక్కమునకు కొనువానికి దొరకు తగ్గింపు కంతువానికి దొరకదు. ఆపై ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద జీఎస్టీ ఉండును. 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకువారు బ్యాంకులకు వ్రాయుచు, సున్న వడ్డీ యనునది లోకములో లేదనియు, అట్టి పథకములలో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపమున దాచుచున్నారనియు హెచ్చరించిరి. మరల అంకెలతో చూతము. బోర్డుమీద ధర 24,000. ఆరు కంతులు, కంతుకు 4,000. ఫీజు 500, దానిమీద జీఎస్టీ 90. రొక్కమిచ్చి బేరమాడినవానికి అదే వస్తువు 22,500కు వచ్చుననుకొనుడు. కంతువాడు కట్టునది 24,590. తేడా 2,090. ఆరు నెలలలో తగ్గుచు వచ్చు అప్పు సరాసరిన 13,125. దానిమీద అరయేటికి 2,090 అనగా నెలకు నూటికి రెండున్నర రూపాయలకు పైబడిన వడ్డీ! మొదటి కంతును అంగడిలోనే కట్టించుకొన్నచో అది మరికొంత పెరుగును. ఈ అంకెలు లెక్క తెలియుటకు నేను కల్పించినవి. మీ బేరములోని అంకెలు వీనిచోట వేసికొనుడు. కావున అంగడిలో మొదట అడుగవలసిన ప్రశ్న “నెలకెంత” కాదు, “ఇప్పుడే రొక్కమిచ్చిన ఎంతకు ఇత్తురు” అనునది. ఈ ప్రశ్నకు సమాధానము వచ్చువరకు ఆధారు కార్డు జేబులోనుండి తీయవలదు.

వడ్డీ యెంతయైనను భరించవచ్చు, ఆదాయము కంతుతోపాటు వచ్చినచో. మన చిక్కంతయు ఇచ్చటనే కలదు. కంతు నెలజీతగాని కొరకు పుట్టినది. ప్రతినెల మొదటివారమున బ్యాంకు ఖాతానుండి తానే కోసికొనిపోవును. మన ఆదాయము అట్లు రాదు. పాలడబ్బు పదిదినములకో పదునైదు దినములకో వచ్చును. వేరుసెనగ కోతనాడు వచ్చును. మామిడి ఏడాదికొకమారు, అదియు ధర యున్నప్పుడు. 2025 జూనులో తోతాపురి కాయ ఏమాయెనో మన జిల్లావారికి నేను చెప్పనక్కరలేదు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరినవి. ప్రభుత్వమువారు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలీయవలెననియు, దానిపై తాము 4 రూపాయలు చేర్తుమనియు ప్రకటింపవలసివచ్చినది. మామిడి ధర పడిపోయినదని కంతు పడిపోదు. కావున పాడియున్నవాడు పాలడబ్బులో దాణాఖర్చు పోను మిగులుదానిని చూచుకొని, దానిలో సగమునకు మించని కంతు పెట్టుకొనిన నిభాయించుకొనగలడు. మామిడినో వేరుసెనగనో నమ్ముకొని నెలకంతునకు సంతకము చేయుట మంచిది కాదని నా దృఢాభిప్రాయము.

కంతు తప్పిన ఏమగును? ఖాతాలో సొమ్ము లేనిచో ఫైనాన్సు కంపెనీవారు బౌన్స్ చార్జి వేయుదురు. మన బ్యాంకువారు వేరుగ మరియొకటి వేయుదురు. పంటసొమ్ము, పీఎం కిసాన్ సొమ్ము పడు ఖాతానే కంతునకు ముడిపెట్టినచో, ఎరువులకని వచ్చిన డబ్బు ఫోనుకంతునకు పోవును. దీనికి వేరొక ఖాతా పెట్టుకొనుట మేలు. అన్నిటికంటె పెద్దనష్టము వేరొకటి. తప్పిన కంతు సిబిల్ మొదలగు నాలుగు సంస్థల లెక్కలలోనికి ఎక్కును. రేపు ఆవును కొనుటకో బోరునకో బ్యాంకుకు పోయినప్పుడు, మూడువేల కంతు తప్పిన మచ్చ మూడులక్షల అప్పునకు అడ్డుపడవచ్చును. ఈ సంస్థలలో ఒక్కొక్కటి ఏడాదికొకమారు మన లెక్కను ఉచితముగ చూపవలెను. అడిగి చూచుకొనుడు, తీరిన అప్పు తీరనట్లు ఉన్నచో దిద్దించుకొనుటకు హక్కు కలదు.

చట్టము మనకిచ్చిన రక్షణలు కొన్ని ఉన్నవి. 2024 అక్టోబరు 1 నుండి బ్యాంకులును ఫైనాన్సు కంపెనీలును ఇచ్చు క్రొత్త చిల్లర అప్పులకు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అను వివరపత్రము నీయవలెను. అది అప్పుగొనువానికి తెలిసిన భాషలో నుండవలెనని నియమము. తెలుగులో నడుగుటకు సంకోచింపవలదు. దానిలో ‘ఏపీఆర్’ అను అంకె యుండును. ఫీజులన్నియు కలిపి ఏటికి నూటికి ఎంత పడునో తెలుపునది ఆ యొక్క అంకెయే. దానిని పండ్రెండుచేత భాగించిన మన రూపాయల వడ్డీ వచ్చును. పత్రములో వ్రాయని రుసుము నేదియు మన సమ్మతిలేక తరువాత వేయరాదు. ఆలస్యమునకు వేయు అపరాధము అసలులో కలిసి మరల వడ్డీ పెరుగరాదని 2024 నుండి అమలులోనున్న మరియొక నియమము. యాపుద్వారా తీసికొన్న అప్పును కనీసము ఒక దినములోపల, వాడుకొన్న కాలపు వడ్డీతో అసలు తిరిగియిచ్చి, అపరాధము లేకుండ విడిచిపెట్టవచ్చును. యాపు పేరు కాదు, దాని వెనుకనున్న కంపెనీ పేరు అడిగి వ్రాసికొనుడు. ఆ పేరు చెప్పనివానికి ఓటీపీ చెప్పవలదు.

కార్డులేని బీదవారికి కంతుల వ్యాపారము మన దేశముననే పుట్టినది కాదు. బ్రెజిలు దేశమున శామ్యూల్ క్లైన్ అనునతడు 1950 తరువాత ఇంటింటికి తిరిగి దుప్పట్లు కంతులమీద అమ్మి, 1957లో అంగడి పెట్టెను. బహియా ప్రాంతమునుండి వలసవచ్చిన కూలీలు అతని బేరగాండ్రగుటచే దానికి ఆ పేరే పెట్టెను. వారు నెలనెల అంగడికి వచ్చి చిన్న పుస్తకములోని చీటీ చింపించుకొని కట్టుచుండిరి. జీతపుచీటీ లేనివానికి వాని నడవడియే పూచీ. కెన్యాలో ఎం-కోపా యను కంపెనీవారు సౌరదీపములను, ఫోనులను దినమునకు కొంచెము చొప్పున సెల్‌ఫోనుద్వారానే కట్టించుకొందురు. కట్టనినాడు ఆ పరికరము పనిచేయదు. కఠినమైనదే. అయినను దినకూలి సంపాదనకు దినకంతు పొసగినది. మనకు నెలకంతు కంటె పాలబిల్లు కంతు పొసగునట్లే.

ఇంటిదగ్గర నున్న దారులను గూడ తూచి చూడవలెను. చీటీ యనునది తలక్రిందులైన కంతు. ముందు కట్టి తరువాత కొనుట. పాట త్వరగా పాడినవానికి అది అప్పు, చివరివరకు ఆగినవానికి పొదుపు. 1982 చీటీల చట్టము క్రింద రిజిస్టరైన చీటీలోనే చేరవలెను. దానిలో చీటీ నడుపువాని కమీషను నూటికి ఏడింటిని మించరాదు. ఊరి నోటిమాట చీటీ మునిగిన అడుగుటకు దిక్కులేదు. బంగారము కుదువ పెట్టి తీసికొను అప్పునకు తరుగుచున్న అసలుమీదనే వడ్డీ పడునా, నెల కాక పంటకాలమున తీర్చవచ్చునా యని అడిగి, అంగడి ఏపీఆర్‌తో పోల్చుడు. పెక్కుమారులు అంగడి కంతు కంటె అదే చౌకగ తేలును. ఆడువారి పొదుపు సంఘపు అప్పును అట్లే పోల్చవలెను.

1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ నేతపనివారు తమ సహకార అంగడిలో అరువు లేదని నియమము పెట్టుకొనిరి. అంగడి అరువే తమ కూలిని తినుచున్నదని వారికి తెలియును. మనము ఆ నియమమును యథాతథముగ పట్టుకొననక్కరలేదు. పది పదునైదు ఇండ్లవారికి చాఫ్ కట్టర్లు కావలసియున్నచో, అందరును కలిసి ఒకేమారు రొక్కపు బేరమాడిన తగ్గింపు పెద్దది వచ్చును. ఆ తగ్గింపుతో పాలబిల్లులనుండి పక్షమునకొక కంతు తీర్చుకొను ఏర్పాటు సంఘముద్వారా సాధ్యమగునా యని రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చింపవచ్చును. ఆలోపున కంతులమీద ఏదేని కొనదలచినవారు వివరపత్రమును, రొక్కపు ధర వ్రాయించుకొన్న చీటీని తెచ్చినచో, సంతకమునకు ముందే లెక్క కలిసి చూచుకొందము.