మాట చెప్పకుండా ఆగిపోయే డేటాబేస్

అర్ధరాత్రి వెబ్‌సైట్ ఆగిపోతుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ లాగ్ తెరిస్తే చివరి వరుస దాకా అంతా సవ్యంగానే కనిపిస్తుంది. జరిగింది వేరు. మెమరీ అయిపోగానే లినక్స్ కెర్నెల్ బాగా మెమరీ తినే ప్రోగ్రామ్‌ను చూసి ఉన్నపళంగా ఆపేస్తుంది. తరచూ ఆ వేటు డేటాబేస్ మీదే పడుతుంది. కారణం రాసుకునే వ్యవధి కూడా దానికి దొరకదు; ఆనవాలు కెర్నెల్ లాగ్‌లో మిగులుతుంది.

అందుకే హెచ్చరిక ముందే రావాలి.

రెడిస్ అనే డేటాబేస్ ఈ పని చక్కగా చేస్తుంది. డేటాను డిస్క్‌కు ఎక్కించేందుకు అది తనలాంటి మరో ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. 'ఓవర్‌కమిట్ మెమరీ' సెట్టింగ్ 0గా ఉంటే, అంత మెమరీ లేదంటూ కెర్నెల్ అందుకు ఒప్పుకోకపోవచ్చు. ఈ ముప్పును రెడిస్ మొదలయ్యేటప్పుడే చెప్పి, ఏ ఫైల్‌లో ఏ విలువ మార్చాలో కూడా రాస్తుంది. షేర్డ్ మెమరీ దొరక్కపోతే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ తాను ఎన్ని బైట్లు అడిగిందో చెప్పి, 'షేర్డ్ బఫర్స్' సెట్టింగ్ తగ్గించమని సూచిస్తుంది. లినక్స్‌పై మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే కనీసం 2,000 మెగాబైట్లు లేనిదే నడవనని ముఖం మీదే చెప్పేస్తుంది.

'మెమరీ చాలలేదు' అనే పొడిమాటతో ఏ పనీ జరగదు. ఎంత కావాలో, ఏది మార్చాలో చెప్పినదే హెచ్చరిక. సర్వర్లు నడిపేవారు డేటాబేస్ మొదలయ్యేటప్పుడు వచ్చే సందేశాలను దాటేయకుండా చదవాలి.