మారిషస్ చెరకు రైతు – ప్రపంచ వాణిజ్య న్యాయం

చెరకు రైతు కష్టం మన జిల్లాల వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. హిందూ మహాసముద్రంలోని మారిషస్ రైతు సంగతి మాత్రం చెప్పాలనిపించింది. 1834 తర్వాత ఒప్పంద కూలీలుగా ఆ దీవికి వెళ్లిన భారతీయుల్లో మన తెలుగువారూ ఉన్నారు. ఆ కూలీ కుటుంబాల్లో ఎన్నో పైసా పైసా కూడబెట్టి, చిన్న చిన్న పొలాలు కొనుక్కుని చెరకు వేశాయి.

1975 నాటి లోమే ఒడంబడికతో పాటు యూరప్ దేశాలు ఏటా సుమారు 5 లక్షల టన్నుల మారిషస్ చక్కెరను హామీ ధరకు కొంటామని మాటిచ్చాయి. చాలా ఏళ్లపాటు ఆ ధర ప్రపంచ మార్కెట్ ధరకంటే బాగా ఎక్కువ. చిన్న రైతు నిలదొక్కుకున్నది దాని అండతోనే.

తర్వాత కథ మారింది. యూరప్ పరిమితికి మించి చక్కెర ఎగుమతికి సబ్సిడీలిస్తోందని ఆస్ట్రేలియా, బ్రెజిల్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసి, 2005లో గెలిచాయి. 2006 నుంచి నాలుగేళ్లలో యూరప్ తన చక్కెర ధరను 36 శాతం తగ్గించింది. 2009లో హామీ ఒప్పందమూ ముగిసింది. ఆ వ్యాజ్యంలో మారిషస్ వాదీ కాదు, ప్రతివాదీ కాదు. దెబ్బ మాత్రం తగిలింది!

అలాగని చట్టాన్ని తిట్టి లాభమేమిటి? ప్రభుత్వం తన రైతుకు పరిశోధన, శిక్షణ, తెగుళ్ల నివారణ, నీటి వసతి సమకూరిస్తే అదే చట్టం అడ్డు చెప్పదు. అక్కడి చిన్న రైతులు కొందరు సహకార సంఘాలుగా చేరి, ఫెయిర్‌ట్రేడ్ ముద్రతో చక్కెర అమ్ముకున్నారు కూడా.

ఎరువు సొమ్ము బరువు చేటన్నారు పెద్దలు. పరాయివాడిచ్చిన ధర అలాంటిదే. చిన్న రైతుకు నిలిచే అండ సొంత ప్రభుత్వం, సొంత సంఘమేనని నా అభిప్రాయం.