సరిహద్దు దాటితే నెత్తురు రంగు మారుతుంది

పబ్జీని కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరులో నిషేధించింది. సరిగ్గా పది నెలలకు, 2021 జులై 2న, అదే ఆట ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ అని పేరు మార్చుకుని నరసరావుపేట, మాచర్ల కుర్రాళ్ల ఫోన్లలోకి మళ్లీ వచ్చి కూర్చుంది. ఈసారి తూటా తగిలితే చిమ్మింది ఆకుపచ్చ నెత్తురు. ‘కిల్స్’ అన్న లెక్క ‘ఫినిషెస్’ అయింది. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు తల్లిదండ్రుల ఫోన్‌కు ఓటీపీ, రోజుకు మూడు గంటల ఆట, రూ.7,000 దాటకుండా ఖర్చు అని కట్టుబాట్లు పెట్టారు. భారతీయుల కోసం ప్రత్యేకంగా చేశామని దక్షిణ కొరియా కంపెనీ క్రాఫ్టన్ చెప్పుకుంది. నిజానికి ఈ విద్యకు నలభై ఏళ్ల వయసుంది. ఆటను పరాయి దేశానికి పంపేముందు మార్చడం తప్పేమీ కాదు. అయితే ఆ మార్పులు రెండు రకాలు. ఒకటి కొత్తవాళ్లకు కొత్తగా ఏదో ఇస్తుంది. రెండోది ఉన్నది తుడిచేసి, తుడిచిన మాట కూడా చెప్పదు. వీటిని విడదీసి చూడకపోతే మన చేతికొచ్చింది ఏ రకమో తెలియదు.

రెండో రకానికి సాక్ష్యాలు కుప్పలు. నింటెండో అమెరికా శాఖ 1980ల చివర మతచిహ్నాలు, మద్యం, నెత్తురు, నగ్నత్వం కనపడకూడదని నియమం పెట్టుకుంది. దాంతో ‘డక్‌టేల్స్’లో శవపేటికల మీది శిలువలు పోయాయి. బాక్సింగ్ ఆట ‘పంచ్‌ అవుట్’లో తాగుబోతు రష్యన్ వోడ్కా డ్రంకెన్‌స్కీ పేరు మార్చుకుని సోడా పాపిన్‌స్కీ అయ్యాడు. సీసా మాత్రం చేతిలోనే ఉంది, అది వేరే సంగతి. ‘ఫైనల్ ఫాంటసీ’లో సారాకొట్లు కాఫీహోటళ్లయ్యాయి. అన్నిటికన్నా విచిత్రమైన కథ ‘కాంట్రా’ది. 90లలో మన ఊళ్లలో టీవీకి తగిలించుకునే చవక డబ్బాల మీద వేళ్లు నొప్పిపుట్టేదాకా ఆడిన ఆ ఇద్దరు కండలవీరులు యూరప్ పిల్లలకు కనపడనే లేదు. అక్కడ 1990లో ‘ప్రోబోటెక్టర్’ పేరుతో వచ్చిన ఆటలో వీరులూ మరమనుషులే, చాలామంది శత్రువులూ మరమనుషులే. పిల్లలకు హాని చేసే ఆటల విషయంలో అప్పట్లో జర్మనీ చట్టం కఠినం. మనుషులు మనుషుల్ని కాల్చుకోవడం చూపితే చిక్కు. ఆ ఒక్క దేశం భయానికి, అలాంటి చట్టం లేని బ్రిటన్ పిల్లలు కూడా ఇనప బొమ్మలతో ఆడారు. అసలు ఇంకొకటి ఉందని వాళ్లకు డబ్బా మీద ఎవరూ చెప్పలేదు.

ఇదంతా ఆయా సమాజాల నీతికి గౌరవమే కదా అనేవాళ్లున్నారు. ‘మోర్టల్ కోంబాట్’ సంగతి చూస్తే ఆ మాట నిలవదు. 1993లో ఆ ఆట ఇళ్లకు వచ్చినప్పుడు నింటెండో నెత్తుటిని బూడిదరంగు చెమటగా మార్చింది. పోటీదారు సెగా ఒక రహస్య మీటల వరుస పెట్టి, అది నొక్కితే నెత్తురు వచ్చేలా వదిలేసింది. సెగా కూర్పే ఎక్కువ అమ్ముడుపోయింది. ఆ డిసెంబరులోనే అమెరికా సెనేట్‌లో ఆటల హింస మీద విచారణ నడిచింది. అయినా మరుసటి ఏడు రెండో భాగాన్ని నింటెండో ఎర్రటి నెత్తురుతోనే అమ్మింది. నీతి అయితే ఏడాదికి మారదు. మారింది అమ్మకాల లెక్క, దానికి తోడు 1994లో వచ్చిన వయసు ముద్రల ఏర్పాటు. కంపెనీ ఇక్కడ గౌరవించింది జనాన్ని కాదు, జనం ఇలా ఉంటారేమోనన్న తన ఊహను.

మొదటి రకం అరుదే గానీ లేకపోలేదు. జపాన్‌లో 1986లో వచ్చిన రెండో మారియో మరీ కష్టమని అమెరికా శాఖ వద్దంది. దాని బదులు ‘డోకిడోకి పానిక్’ అనే వేరే ఆటను తీసుకుని, అందులోని అరబ్బు వేషాల కుటుంబం స్థానంలో మారియో బృందాన్ని నిలబెట్టి 1988లో విడుదల చేశారు. కూరగాయలు పీకి విసిరే ఆ వింత ఆట అక్కడివాళ్లకు నచ్చింది. 1992లో జపాన్ దాన్ని ‘సూపర్ మారియో యుఎస్‌ఏ’ పేరుతో తిరిగి తెచ్చుకుంది. వద్దన్న పాత కష్టమైన ఆట కూడా 1993లో అమెరికా చేరింది. అంటే రెండు కూర్పులూ రెండు దేశాల్లోనూ బతికాయి.

ఇలా కూర్పులు పక్కపక్కన బతకడం పల్నాటికి కొత్త కాదు. 12వ శతాబ్దపు యుద్ధకథ వీరవిద్యావంతుల పాటలో ఒకలా, శ్రీనాథుడిదని చెప్పే ద్విపదలో ఇంకోలా ఉంది. 1947లో ఒకసారి, 1966లో ఎన్టీఆర్, భానుమతిలతో మరోసారి ‘పల్నాటి యుద్ధం’ తెరకెక్కింది. ఆ కథ సముద్రం కూడా దాటింది. జీన్ రోఘైర్ అనే పరిశోధకుడు అలిశెట్టి గాలెయ్య పాడిన కథను ఇంగ్లీషు చేస్తే 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది. గంటలకొద్దీ పాట పుస్తకమైతే రాగం పోతుంది, తాళం పోతుంది. ఇవి చిన్న నష్టాలు కావు. కానీ పాడింది ఎవరో పుస్తకంలో ఉంది. పరాయి పాఠకుడికి తెలియని సంగతులకు వివరణ ఉంది. ఇవేవీ ఆ యుద్ధం జరిగిన కారంపూడిని కదిలించలేదు. కార్తీకంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ ఐదు రోజుల ఉత్సవం ఏటా జరుగుతూనే ఉంది. జనం పాటకూ కంపెనీ సరుకుకూ పోలికేమిటని అడగవచ్చు. సినిమా తీసినవాళ్లూ పెట్టుబడి పెట్టినవాళ్లే. వాళ్లు తమకు కావలసినట్టు కథ మలుచుకున్నారు గానీ కారంపూడి గుడి దగ్గర పాటను ఆపించలేదు.

గట్టి అభ్యంతరం పిల్లల తల్లిదండ్రుల నుంచి వస్తుంది. అసలు కూర్పు దొరికి తీరాలంటే మా పిల్లాడికి ఎర్ర నెత్తురే చూపమంటారా అని గురజాలలో ఒక అమ్మ అడిగితే అది న్యాయమైన ప్రశ్న. ఆమె బెంగ పిల్లాడి చదువు గురించి, నిద్ర గురించి, ఫోన్‌కు కట్టే డబ్బు గురించి. మూడు గంటల హద్దు, ఓటీపీ, ఖర్చు కట్టడి ఆ బెంగకు జవాబిస్తాయి. అవి పనికొచ్చే మార్పులు, ఉండాల్సినవే. నెత్తురు రంగు దేనికీ జవాబివ్వదు. ఆటలో గురి అదే, తుపాకీ అదే, పడిపోయేవాడు అలాగే పడతాడు. ఆకుపచ్చ రంగు పూసింది పిల్లాడి కోసం కాదు, నిషేధం వేసిన చేతిని చల్లబరచడానికి. అదీ పూర్తిగా ఫలించలేదు. 2022 జులైలో ఆ ఆటను మళ్లీ తీసేయించారు, 2023 మేలో గానీ తిరిగి రాలేదు. మార్చకపోతే ఆటే రాదు కదా అన్న వాదనలో కొంత నిజముంది. 2008లో ‘ఫాలౌట్ 3’ని సాంస్కృతిక సున్నితత్వాల పేరు చెప్పి మైక్రోసాఫ్ట్ భారతదేశంలో విడుదలే చేయలేదు. రాకపోవడం కన్నా మారి రావడం మేలు, సరే. ఏం మార్చారో అట్ట మీద నాలుగు ముక్కలు రాయడానికి మాత్రం ఏ చట్టమూ అడ్డం కాదు.

రేపు మనం అమ్మేవాళ్లమైనా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. 2009లో హైదరాబాదు కంపెనీ ఆరోనా చేసిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ను సోనీ ప్లేస్టేషన్ 2 మీద తెచ్చింది. దేవుణ్ణి మీటలతో ఆడించడమేమిటని అభ్యంతరం వచ్చింది అమెరికాలోని హిందూ ప్రతినిధి నుంచి. ఎక్కడ ఎవరు నొచ్చుకుంటారో ముందే లెక్కగట్టడం అంత తేలిక కాదు. ఎవరైనా పల్నాటి కథను ఆటగా చేస్తే, విదేశీ కొనుగోలుదారు మొదట తీసేయమనేది కోడిపందెమే కావచ్చు. అది తీసేస్తే పందెంలో ఓడి బ్రహ్మనాయుడి పక్షం అడవుల పాలు కావడానికి కారణమే మిగలదు. అప్పుడు బేరంలో అడగాల్సిన షరతు ఒకటుంది: కత్తిరించిన కూర్పు పక్కనే కత్తిరించనిది కూడా అమ్మాలి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. 2019లో కోనామి ‘కాంట్రా’ సంకలనం తెచ్చినప్పుడు కండలవీరులనూ ఇనప బొమ్మలనూ ఒకే జాబితాలో పెట్టి, ఏది ఆడాలో ఆడేవాళ్లకే వదిలేసింది.