కుర్చీ నుండి లేచుట

విశాఖ రామకృష్ణా బీచిలో ప్రాతఃకాలమున షష్టిపూర్తి దాటినవారు సైతము చేతులూపుకొనుచు నడచుట చూచి, వార్ధక్యమునకు వ్యాయామమెంత హితమో వేరుగ చెప్పనక్కరలేదనుకొందుము; కాని ఆ తీరమునకు రాలేక వృద్ధాశ్రమపు వరండాలోనే ప్రొద్దుపుచ్చువారి మాట వేరు. 1933లో తెరచిన రేవులోను, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారమునను కండబలమునే నమ్ముకొని బ్రతికినవారి నగరమిది. అట్టి బ్రతుకు బ్రతికిన ఒక వృద్ధుని ఊహింపుడు. దాహమనుటయే తడవు, "మీరు లేవకండి తాతగారూ, నేను తెస్తాను" అని ఆయా ఆదరముతో పలుకును. ఆ ఆదరమే ఆయన కాళ్లకు ప్రథమశత్రువని నా అభిప్రాయము.

ఏలయన, పని లేని కండ కరగును. కండ కరగినకొలది లేచుటకు జంకు, జంకినకొలది మంచమే శరణ్యము. తుదకొకనాడు స్నానాలగదిలో కాలుజారి తుంటియెముక విరుగును. ముసలితనమున పోయిన బలము మరల రాదని లోకము నమ్ముచుండగా, బోస్టను నగరమునందలి ఒక ఆశ్రమమున తొంబదియేండ్ల వయోవృద్ధులచే ఎనిమిది వారములు కాళ్లతో బరువులెత్తించి, వారి తొడబలము సగటున 174 శాతము పెరిగినదని వైద్యురాలు మరియా ఫియాటరోనె బృందము 1990లో ప్రకటించెను. నూరుగురు ఆశ్రమవాసులపై జరిపి 1994లో వెలువరించిన పరిశోధనలో, వ్యాయామము లేకుండ పుష్టికరాహారము మాత్రమే ఇచ్చుటవలన బలము చేకూరలేదని తేలినది. పుట్టినరోజునాడు ఆశ్రమమునకు అన్నదానము చేసి తృప్తిపడు మనము ఈ మాట కొంచెము ఆలోచింపవలసియున్నది.

ఇట్టి వ్యాయామమునకు పెద్ద సరంజామా అక్కరలేదు. గోడకానించిన చేతుల కుర్చీ నుండి లేచి, మెల్లగా మరల కూర్చుండుట. కుర్చీ వీపు పట్టుకొని మడమలెత్తుట. కూర్చుండియే చీలమండకు చిన్న ఇసుకసంచి కట్టుకొని కాలు చాచుట. మోకాళ్లనొప్పి కలవానికొక తీరు, పక్షవాతము సోకినవానికొక తీరు. మతిమరపు ముదిరినవారికి నోటిమాట కంటె ఎదుట నిలిచి చేసి చూపుటయే మేలు. ముందుగా వైద్యుని పరీక్ష తప్పనిసరి, ఊపిరి బిగబట్టరాదు, గుండెలో నొప్పి కాని, కన్నులు తిరుగుట కాని తోచినచో తక్షణమే ఆపవలెను. మన ఊరి ఉక్కపోతకు ఉదయమే అనువు.

జిల్లాకొకటి చొప్పున, నూటయేబదిమంది నిరుపేద వృద్ధులకు చాలునట్టి ఆశ్రమములను నెలకొల్పుటను గూర్చి 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టము పలికినది. వైద్యమును, వినోదమును పేర్కొన్నది. వ్యాయామమును మాత్రము పేరెత్తి చెప్పలేదు. కావున పాఠకమహాశయులారా, ఈసారి అన్నదానమునకు ద్రవ్యము కట్టునప్పుడు, వారానికి రెండుసార్లు ఫిజియోథెరపిస్టు వచ్చుటకు ఎంతగునో కూడ ఆశ్రమ నిర్వాహకులను అడిగి రండు.